ముప్పై తొమ్మిది వేల అడుగుల ఎత్తులో ఓ మరణం

2004 మే నెల. సాయంత్రం నాలుగూ ఇరవై ఒకటికి రాజమండ్రి పక్కన మధురపూడి విమానాశ్రయంలో ఎనిమిది సీట్ల చిన్న జెట్ ఒకటి దిగింది. బొంబాయిలో నలుగురు ఎక్కారు. ముగ్గురే ప్రాణాలతో దిగారు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రత్నమాణిక్యం జీపులో వచ్చేసరికి నాలుగూ నలభై అయింది. మెట్లెక్కి, తల వంచి లోపలికి వెళ్లింది.

సీట్ల మధ్య నడవలో శవం బోర్లా పడి ఉంది. పేరు యెహెజ్కేలు. వయసు యాభై అయిదు. భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే చిట్టిరాజు దగ్గర ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆయన సొంత విమానంలో కాఫీ, ఫలహారం అందించేదీ అతనే.

రత్నమాణిక్యం తల ఎత్తి చూసింది. సీలింగు పలక పగిలి ఉంది. పగులులో నాలుగు నెరిసిన వెంట్రుకలు.

కెప్టెన్ దయాకర్ కింద నిలబడి ఉన్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. గొంతు తొణకలేదు.

"ఎన్నింటికి జరిగింది?"

"మూడూ నలభై ఏడుకి మేడం. వరంగల్ దాటాం. ముప్పై తొమ్మిది వేల అడుగుల మీద ఉన్నాం."

"ఏం జరిగింది?"

"ఉరుముల మేఘం అంచు తగిలింది. విమానం ఒక్కసారిగా కిందికి జారింది. అతను నిలబడి ఉన్నాడు. తల సీలింగుకి కొట్టుకుంది."

"మేఘం ముందే కనపడలేదా?"

"చుట్టూ తెల్లటి పొర. కంటికి ఏమీ ఆనలేదు. రాడార్ స్క్రీన్ ఖాళీగా ఉంది. ఎవరి తప్పూ లేదు మేడం."

అడగకముందే ఆ మాట ఎందుకన్నాడు? రత్నమాణిక్యం నోట్ చేసుకుంది.

కో-పైలట్ గీతికకి ఇరవై ఆరేళ్లు. నుదుటి మీద గుడ్డ అదిమి పట్టుకుంది. గుడ్డంతా రక్తం.

"మీకు బెల్టు లేదా?"

"నడుం బెల్టు ఉందండి. భుజాల పట్టీలు పైకెళ్లాక తీసేస్తాం. దిగేముందు మళ్లీ పెట్టుకుంటాం. ఆ కుదుపుకి ముందుకి పడ్డాను."

"బెల్టు పెట్టుకోమనే లైటు వేశారా?"

"లేదండి. వేసే టైమే లేదు." ఆ అమ్మాయి కళ్లు కెప్టెన్ వైపు వెళ్లి, వెంటనే కిందికి దిగాయి.

చిట్టిరాజు వెయిటింగ్ రూములో కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. ఏసీలోనూ చెమట తుడుచుకుంటున్నాడు.

"మీకేం దెబ్బ తగల్లేదాండి?"

"లేదండి. బెల్టు పెట్టుకున్నాను."

పక్కనే ఉన్న గీతిక చటుక్కున తలెత్తింది. రత్నమాణిక్యం చూసింది.

"ఎప్పుడూ పెట్టుకుంటారా?"

"ఏదో పెట్టుకున్నానండి. దానికీ కారణం చెప్పాలా ఏంటి?"

బయటికి వచ్చాక గీతికని అడిగింది. "బెల్టు పెట్టుకోమంటే ఆయనకి కోపమండి. ఏడాదిగా ఒక్కసారీ పెట్టుకోలేదు," అంది గీతిక.

ఏడాదిగా పెట్టుకోనివాడు, లైటు కూడా వెలగని ఈ రోజే ఎందుకు పెట్టుకున్నాడు? రత్నమాణిక్యానికి అనుమానం చిట్టిరాజు మీదే నిలిచింది. శవపరీక్షకి కబురు పంపి, మిగిలిన ముగ్గురినీ రాజమండ్రి పెద్దాసుపత్రికి పంపింది. విమానానికి సీలు వేయించింది.

డాక్టరు రాసిన మూడు కాగితాలు ఏడింటికి చేతికొచ్చాయి. గీతికకి మూడు కుట్లు. చిట్టిరాజుకి పొట్ట మీద బెల్టు కమిలిన గీత. కెప్టెన్ కాగితంలో ఒక్క లైనే ఉంది. దాని చివర చికిత్స అక్కర్లేదని రాశారు. ఆ లైను దగ్గరే ఆమె చాలాసేపు ఆగింది. అనుమానం ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి జరిగింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సీలు తీయించి, గీతికని కాక్‌పిట్‌లోకి తీసుకెళ్లింది.

"రాడార్ ఎలా పనిచేస్తుందో చెప్పమ్మా."

"దాని తరంగం నీటి చుక్కలకి తగిలి తిరిగొస్తుందండి. అంత ఎత్తులో మేఘం పైభాగమంతా మంచు పలుకులే. అవి సరిగ్గా కనపడవు. అందుకే రాడార్‌ని కిందికి వంచి, అడుగునున్న వానని చూస్తాం. ఈ నాబ్‌తో." ఆమె వేలు ఆగిపోయింది. "ఇది పైకి తిప్పి ఉంది."

"ఎవరు తిప్పారు?"

"నేను కాదండి. మూడున్నరకి నన్ను ల్యాండింగ్ లెక్కలు చూసుకోమన్నారు. చెవులకి హెడ్‌సెట్ ఉంది, తల వంచుకుని రాసుకుంటున్నాను."

పది గంటలకి ముగ్గురూ వెయిటింగ్ రూములో కూర్చున్నారు. రత్నమాణిక్యం తలుపు మూసింది.

"కెప్టెన్ గారూ, రాడార్ పైకి తిప్పి ఉందటండి."

"పొరపాటు జరిగి ఉంటుంది. ఒప్పుకుంటాను."

"పొరపాటైతే మేఘం ఉందని మీకు తెలియదు. అంతేనా?"

"అంతే."

ఆమె కాగితం తీసి చదివింది. "పొట్ట మీద, రెండు భుజాల మీద పట్టీలు కమిలిన గీతలు. చికిత్స అక్కర్లేదు."

కాగితం దయాకర్ ముందు పెట్టింది.

"పట్టీలు పైకెళ్లాక తీసేస్తారటండి. మీ కో-పైలట్‌కి లేవు, నుదురు చిట్లింది. మీకున్నాయి. కుదుపు వస్తుందని మీకు ముందే తెలుసు. పక్కనున్న పిల్లకీ చెప్పలేదు." ఆమె చిట్టిరాజు వైపు తిరిగింది. "ఇంకొకరికి చెప్పారు. మీకు బెల్టు పెట్టిందెవరండి?"

చిట్టిరాజు గొంతు సవరించుకున్నాడు.

"యెహెజ్కేలు. ముందుకెళ్లి కెప్టెన్‌కి కాఫీ ఇచ్చొచ్చాడు. 'అయ్యగారూ, ఒక్క అయిదు నిమిషాలు ఉంచుకోండి, కెప్టెన్ గారి మాట' అని తనే కట్టాడు. చంటిపిల్లాడికి కట్టినట్టు."

గీతిక కెప్టెన్ వంక చూసింది. అతను ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"పోయిన నెల మద్రాసు నుంచి వస్తూ తుపాను మేఘం చూసి వెనక్కి తిప్పాను," అన్నాడు చివరికి. "నలుగురి ముందు నన్ను పిరికివాడన్నారు ఈయన. మళ్లీ అలా చేస్తే ఉద్యోగం ఉండదన్నారు. ఇలాగే వదిలేస్తే ఇంకోసారి నిజంగానే మేఘం లోపలికి తీసుకెళ్లమనేవారు. మేఘమంటే ఏంటో ఈయనకి ఒక్కసారి తెలియాలనుకున్నాను. రాడార్‌లో మేఘం చూశాక, ఈ అమ్మాయికి కనపడకూడదని పైకి తిప్పేశాను. అంచు పక్క నుంచి వెళ్తే కాస్త ఊగుతుందనుకున్నాను. అంత దెబ్బ ఉంటుందనుకోలేదు."

"నన్ను చంపబోయావు," అన్నాడు చిట్టిరాజు.

"లేదు సార్. మీకు బెల్టు పెట్టమన్నాను. తననీ కూర్చుని పెట్టుకోమన్నాను. ఏడు నిమిషాల ముందే చెప్పాను మేడం. ఎందుకు కూర్చోలేదో రాత్రంతా ఆలోచించాను. నాకు తెలియట్లేదు."

చిట్టిరాజు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"కూర్చున్నాడండి," అన్నాడు మెల్లిగా. "బెల్టు కూడా పెట్టుకున్నాడు. నేనే ఇంకో కాఫీ అడిగాను."