అడగని మెకానిక్

"అడగండి, చాలు" అంది ఆమె.

"అడగను" అన్నాను నేను.

మా పరిచయం గొడవతోనే మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న చిన్న సంఘాలన్నిటినీ కలిపే నెట్‌వర్క్‌కి ఆమె కోఆర్డినేటర్. పాల సంఘం, కుట్టుపని ఆడవాళ్లు, పాటల బృందం, మోటార్లు బాగుచేసే మా మెకానిక్‌ల గ్రూపు, అందరం నెలకోసారి స్కూలు హాల్లో కూర్చుంటాం. ఏం కావాలో లేచి అడగాలి. ఉన్నవాళ్లు చెయ్యెత్తాలి. అడగనివాళ్లకి ఎవరూ ఏమీ ఇవ్వకూడదు. కోఆర్డినేటర్ అయితే అసలు చెయ్యే ఎత్తకూడదు. అవీ రూల్సు.

మా షెడ్డు పైకప్పు గాలికి ఎగిరిపోయింది. వానొస్తే మోటార్లతో పాటు మేమూ తడిసి ముద్దవుతున్నాం. మావాళ్లలో సగంమంది వేరే పని వెతుక్కుంటున్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే గ్రూపుకి తాళం పడ్డట్టే.

అయినా నేను అడగలేదు. అందరి మోటార్లూ బాగుచేసేవాణ్ణి, నేను చెయ్యి చాపడమా?

ఆమె వదిలితేగా! జోరువానలో షెడ్డు ముందు ఆగి, గొడుగు కిందనుంచి నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వుకి నా చేతిలో స్పానర్ జారిపోయేది.

"స్నానం అయిందా మెకానిక్ గారూ?"

"చూస్తున్నారుగా, అవుతోంది."

"ఇంత వానలోనూ మీ పొగరు ఒక్క చుక్క కూడా తడవట్లేదే!"

కోపం నటించేవాణ్ణి గానీ, ఆమె రాని రోజు వానంటేనే విసుగొచ్చేది.

ఈ నెల మీటింగులో ఆమె మైకు పట్టుకుని, పక్కన కూర్చున్న కళ్లజోడావిడని చూపించింది. "రేపట్నుంచి ఈవిడే మీ కోఆర్డినేటర్. నన్ను దూరంగా ఇంకో ఆఫీసుకి రమ్మంటున్నారు. వస్తానో రానో నేనింకా వాళ్లకి చెప్పలేదు."

ఎలా లేచానో నాకే తెలియదు.

"మా షెడ్డుకి రేకులు కావాలి" అన్నాను.

పాల సంఘం పెద్దాయన వెంటనే చెయ్యెత్తాడు. "మా దగ్గర ఊరికే పడున్నాయి, పట్టుకెళ్లు. నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తున్నాం!"

మోయడానికి పాటల బృందం చేతులెత్తింది. కుట్టుపని గ్రూపు లీడరైన మా అమ్మ తల పట్టుకుంది. "ఈ ముక్క ముందే ఏడవచ్చుగా!"

"ఇంకేమైనా కావాలా?" అంది ఆమె.

"మీరు వెళ్లకూడదు. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం."

ఆమె మొహం ఎర్రబడింది.

"కోఆర్డినేటర్ చెయ్యెత్తకూడదు" అంది తలొంచుకుని.

కూర్చోబోయాను.

"అందుకని రేపు అడగండి."

హాలు గొల్లుమంది. మా అమ్మ లేచి నిలబడింది.

"రేపటిదాకా ఎందుకే తల్లీ! ఆ మైకేదో కొత్తావిడకి ఇప్పుడే ఇచ్చెయ్!"

ఆమె మైకు ఇచ్చేసింది. నా వైపు చూస్తూ చెయ్యెత్తింది.