మూడు గీతల లెక్క

"పడవ ఇవాళ కదలదు సార్. గస్తీవాళ్ళని వెనక్కి పంపేయండి."

గుల్లలు కొనే వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ ఖియెమ్, ట్రాన్సిస్టర్‌లో దాచిన వైర్‌లెస్‌లో ఢంకా బజాయించి చెప్పాడు. ఉత్తరాదిన దోసన్ తీరాన అతను పాతిన వెదురు కర్ర మీద మూడు గీతలున్నాయి. ఆరింటికి నీళ్ళెక్కడున్నాయో ఒకటి, ఎనిమిదికి ఒకటి, పదికి ఒకటి. ఒకదాని కంటే ఒకటి పైకి ఎక్కాయి. ఇప్పుడు పన్నెండు. ఇక ఆటు మొదలవుతుంది, రెండింటికల్లా రేవు ముందున్న ఇసుక మేట తేలుతుంది. అంత బరువైన పడవ దాన్నెలా దాటుతుంది?

ఆ విదేశీ ముఠా పడవలో ఓ మైక్రోఫిల్మ్ ఉంది. సరిహద్దు అవతల పనిచేస్తున్న మనవాళ్ళు పదకొండు మంది పేర్లు అందులో ఉన్నాయి. పడవ దాటిందా, పదకొండు ప్రాణాలూ పోయినట్టే.

"నాలుగున్నర తర్వాత దాటతారని క్వియెన్ చీటీ పంపిందిగా?" అన్నాడు చీఫ్. క్వియెన్ ఆ పడవలోనే ఉంది. పాటగత్తె, అందగత్తె, రెండు వైపులా పనిచేసే మనిషి.

"అది వాళ్ళకి అమ్ముడుపోయింది సార్. పూచీ నాది."

నాలుగైంది. మూడు గీతలూ ఎప్పుడో మునిగాయి. నీళ్ళు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.

"ఏంటి నాయనా, కర్రకేసి అలా గుడ్లప్పగించావు?" బుట్ట కడుక్కుంటూ అడిగింది గుల్లలు ఏరే అవ్వ.

"నీళ్ళింకా తియ్యవేంటి అవ్వా?"

"ఏ ఊరు నీది?"

"వుంగ్ తావ్."

"ఓరి నీ తెలివి తెల్లారా! మీ దక్షిణాన రోజుకి రెండు పోట్లు. మాకొకటే. పొద్దున అయిదుకి మొదలైంది, సాయంత్రం అయిదుకి గానీ తిరగదు. ఒక్కమాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలతాయా?"

ఖియెమ్‌కి తల కొట్టేసినట్టయింది. మూడు గీతలు చూసి మిగతా రోజంతా తనే గీసేసుకున్నాడు. నిజం చెప్పిన ఆడమనిషి మీద నింద వేశాడు. సిగ్గుతో చెవులు మండుతుంటే గస్తీ పడవని వెనక్కి పిలిచాడు. వాళ్ళు రావడానికి గంట పడుతుంది.

"అవ్వా, పడవలకి దారి చూపే వెదుళ్ళు పీకి, మెరకగా ఉన్న నీ గుల్లల మడి మీద పాతుదాం. ఆ ముఠా పడవ అక్కడ ఇరుక్కుంటుంది."

"నా మడి నాశనం కాదూ?"

"పదకొండు ప్రాణాలవ్వా!"

అవ్వ తెప్ప విప్పింది.

అయిదుకి పది నిమిషాలుందనగా ముఠా పడవ ఆ వెదుళ్ళని నమ్ముకుని వచ్చి మడి మీదకి ఎక్కింది. ఇంజిను హోరెత్తింది. నీళ్ళు ఇంకా ఎక్కుతున్నాయి. పడవ అంగుళం లేచింది, మరో అంగుళం లేచింది, అటూ ఇటూ ఊగింది. ఖియెమ్ ఈసారి లెక్కలు వెయ్యలేదు, వెదురు కేసి చూస్తూ ఊపిరి బిగబట్టాడు.

వెదురు మీద సన్నటి తడి గీత తేలింది.

"తిరిగింది. ఇక కదలదు," అంది అవ్వ.

గస్తీవాళ్ళు ముఠానీ ఫిల్మ్‌నీ పట్టుకున్నారు. క్వియెన్ మోకాలి లోతు బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది.

"నా చీటీ అందలేదా?"

"అందింది. నమ్మలేదు. నువ్వు అమ్ముడుపోయావని పైవాళ్ళకి చెప్పాను." అతను తలెత్తలేకపోయాడు.

ఆమె బురద చెప్పులు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

వైర్‌లెస్ గరగరమంది. "శభాష్ ఖియెమ్! ఆ పడవ మళ్ళీ ఎప్పుడు తేలుతుంది?"

ఖియెమ్ అవ్వ కేసి తిరిగాడు.

"ఒక్క నిమిషం సార్," అని ట్రాన్సిస్టర్ అవ్వ చేతికిచ్చాడు.