సంత లేని శుక్రవారం

గంగకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను ఒళ్ళు మరిచి నిద్రపోతే, పక్కలో ఉన్న పసిపిల్ల చలికి చల్లబడిపోతుందని. తెల్లారి చెయ్యి వేసి చూస్తే ఆ ఒళ్ళు గెడ్డ నీళ్ళలో రాయిలా తగులుతుందని. అందుకే ఆమె నిద్రపోదు. కునుకు పట్టినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి, వెచ్చటి ఊపిరి తగిలాకే మళ్ళీ తల వాలుస్తుంది.

సొంత ఇల్లుంటే ఇంత భయం ఉండేది కాదేమో. పొయ్యి తన చేతిలో ఉంటే ఏ వేళప్పుడైనా ఇంకో కట్టె ఎగదోసుకోవచ్చు. పరాయి పొయ్యి అలా కాదు. కట్టె కట్టెకీ మొహమాటమే.

గంగది కొయ్యూరు వైపు. మనసుపడ్డ ధనరాజు చెయ్యి పట్టుకుని, కొత్తగా కాఫీ తోటలు వేస్తున్నారంటే అనంతగిరి కొండలకి వచ్చేసింది. తోట లైనులో ఒక గది ఇచ్చారు. పిల్ల పుట్టిన మూడో నెలలో చలిజ్వరం ధనరాజుని తీసుకుపోయింది. ఏడుపు ఆరకముందే మేస్త్రి వచ్చి, లైను గదులు మొగుడూ పెళ్ళాం కలిసి పనిచేసే వాళ్ళకేనని చెప్పి, కుండా చాపా బయట పెట్టించాడు. కొయ్యూరులో కన్నవాళ్ళు లేరు. ఉన్న ఒక్క మేనమామ, చెప్పకుండా వెళ్ళిపోయిన పిల్లని గడప ఎక్కనివ్వనన్నాడు.

తోటకి కిందుగా, బస్సు రోడ్డు పక్కన ఉన్న ఊరు గెడ్డవలస. ఊరిపెద్ద మంగ్లు నలుగురినీ కూర్చోబెట్టాడు.

"ఆడకూతురు, సంకలో పసిగుంట. రోడ్డు మీద వొగ్గీలేం. అలాగని ఒకింటోళ్ళే ఎన్నాళ్ళు సాకుతారు? అందరివీ ఒంటి గదులే. సంత కాడినించి సంత దాకా ఒకిల్లు. సుక్కురోరం సంత విడిసాక పక్కింటికి. ఏటంటారు?"

ఊరు సరేనంది. ఏ ఇంటి తరవాత ఏ ఇల్లో అక్కడే అనుకున్నారు. అంతలో వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"మరి నా వొంతెప్పుడు?"

సంతలో కావిడి మోసే సోంబరు. పెళ్ళి కాలేదు, అన్నగారి అరుగు మీద పడుకుంటాడు.

"నీకిల్లేదిరా?" అన్నాడు మంగ్లు. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అయితే సామాను మోసే డూటీ నాది," అన్నాడు సోంబరు బుర్ర గోక్కుంటూ.

గంగ నవ్వలేదు. నవ్వడానికి ఓపిక లేదు.

మొదటి శుక్రవారం సాయంత్రం సోంబరు కావిడితో వచ్చాడు. ఒక బుట్టలో కుండా చాపా పెట్టాడు. రెండో బుట్టలో గోనె పరిచి, గంగ చేతిలోంచి పిల్లని అందుకుని పడుకోబెట్టేశాడు.

"నా గుంటని సరుకనుకున్నావేటి?" గయ్యిమంది గంగ.

"సరుకైతే ఇలగ నా మీసం పీకదు గదా."

కావిడి భుజానికెత్తితే కుండ వైపు ఒరిగిపోయింది. కిందికి దించి, గెడ్డలోంచి ఒక గుండ్రాయి తెచ్చి పిల్ల కాళ్ళ దగ్గర పెట్టాడు.

"రాయెందుకు?"

"తూకానికి. నీ గుంట బరువు సాల్లేదు. పాలు సరిగ్గా పడతన్నావా?"

గంగ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిండి లేక పాలు తగ్గాయని ఆమెకి మాత్రం తెలీదా? మర్నాడు పొద్దున్న ఆమె చాప పక్కన అంబలికని చోడిపిండి మూట ఒకటి ఉంది. ఎవరు పెట్టారో ఇంటివాళ్ళకీ తెలియదు. గుమ్మం దగ్గర మాత్రం కావిడి ఆనించిన గుర్తు బురదలో పడి ఉంది.

ఒక్కో ఇంటిదీ ఒక్కో తీరు. ఒకచోట నీళ్ళకుండ పొరుగు మనిషి ముట్టకూడదు. ఒకచోట మగవాళ్ళు తినేదాకా అంబలి ముంచుకోకూడదు. చీపురు ఎక్కడుంటుందో తెలిసేసరికి వారం తిరిగిపోయేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే మరీ కష్టంగా ఉండేది. కోపం వస్తే చూపించే చోటు లేదు. వారమంతా మంచిగా ఉండి ఉండి, మొహాన నవ్వు నిలబెట్టి నిలబెట్టి దవడలు నొప్పి పుట్టేవి.

"నువ్వొస్తన్నావంటేనే నాకు గుండె జారిపోతాది," అంది గంగ ఒక శుక్రవారం.

సోంబరు మొహం వెలిగిపోయింది. "నిజవా?"

"మరీ మురిసిపోకు. నువ్వొచ్చినావంటే నాకున్న ఇల్లు పోయినట్టే గదా."

వెలిగిన మొహం వెలిగినట్టే ఆరిపోయింది. ఆ అవస్థ చూస్తే గంగకి జాలేసింది. జాలేసినందుకు విసుగేసింది. ధనరాజు పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

"ఏటే సుక్రీ, ఈ వారం ఎవులింట్లో బువ్వ?" అని సోంబరు బుట్టలోకి వంగి పిల్లని పలకరించేవాడు.

"మా గుంట పుట్టింది ఆదోరం. సుక్రి ఏటి?"

"నాకు అగుపడేది సుక్కురోరమే గదా. నాకాడ అదే పేరు."

"దానికింకా పేరెట్టనేదు. నా గడప లోపల, నా పొయ్యి కాడ పెడతాను."

"అందాకా ఇది వాడుకో. అరువే," అన్నాడు. కావిడి ఎత్తి చూసి, మళ్ళీ దించి, పిల్ల కాళ్ళ దగ్గరి రాయి తీసేసి అంతకన్నా చిన్నది పెట్టాడు. "సూడు, బరువెక్కింది."

ఆ చిన్న రాయిని తలుచుకుని గంగ మర్నాడు అంట్లు తోముతూ తోముతూ ఆగి నవ్వుకుంది.

వానాకాలం ముదిరింది. ఒక వారం తుఫాను పట్టింది. మంగ్లు ట్రాన్సిస్టర్ గరగరలాడుతూ విశాఖపట్నం పేరు పదేపదే చెప్పింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారి బస్సు కేన్సిలయింది. ఉప్పూ ఎండుచేపలూ తెచ్చే షావుకార్లు ఎక్కిరాలేదు. శుక్రవారం వచ్చింది గాని సంత జరగలేదు.

అప్పుడు గంగ సోములమ్మ ఇంట్లో ఉంది. ఆ పూటే సోములమ్మ కూతురు నిండు కడుపుతో, తడిసి ముద్దయి, పురిటికని పుట్టింటికి చేరింది. ఉన్నది ఒక్క గది. సోములమ్మ ఏమీ అనకముందే గంగ చాప చుట్టేసింది.

"అప్పా, నా వారం అయిపోనాది. సోంబరొస్తాడు, ఎల్లిపోతాను."

"ఈ వానలోనేటే?"

"ఎంత దూరం, ఇప్పుడు వొంతు పక్కింటి చిన్నమ్మొదినదే గదా."

సోంబరు రాలేదు. పొద్దు వాలుతోంది. గంగ పిల్లని గుండెకి కట్టుకుని, చాప తలమీద వేసుకుని తానే నడిచింది. చిన్నమ్మి తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. సంతే లేనప్పుడు గంగ ఇల్లు మారదనుకుని, చిన్నమ్మి మొగుడితో కలిసి కొండమీద చేను కాపలా గుడిసెకి వెళ్ళిపోయింది.

ఇంకో తలుపు తట్టొచ్చు. తట్టిన తలుపల్లా తెరుచుకుంటుంది కూడా. కానీ వంతు కాని ఇంటి ముందు నిలబడి ఏమని అడగడం? అడిగి అడిగి గంగ గొంతు అరిగిపోయింది. కాళ్ళు వాటంతటవే సంత పాక వైపు దారి తీశాయి.

పాకలో అచ్చియమ్మ ఉంది. అడ్డాకుల విస్తర్లు కుట్టి అమ్ముకునే ముసలిది, ముందూ వెనకా ఎవరూ లేరు. ఊరు ఆమెకీ వంతులు పెడతామంది. 'ఒకరి గడపలో ముడుసుకోడం నావల్ల గాదు' అని పాకలోనే ఉండిపోయింది.

"రాయే, ఈ మూల కారదు," అని జరిగి చోటిచ్చింది.

కట్టెలన్నీ తడి. ఊదితే పొగే గాని మంట లేదు. గంగ కొంగు లోపలికి చెయ్యి పోనిచ్చి చూసింది. పిల్ల అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. రుద్దింది. ఊదింది. మళ్ళీ చూసింది. ఇంకా చల్లగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఏదైతే వస్తుందని మేలుకుని కాపలా కాసిందో, అది మెలకువగా ఉండగానే వచ్చేసింది.

అప్పుడు వచ్చాడు సోంబరు, మోకాళ్ళ దాకా బురదతో, భుజాన ఖాళీ కావిడితో.

"ఇక్కడేటి సేత్తన్నావు?"

"కాపరం. అగుపడతన్లేదా?"

"సంత నేదు గదా గంగా! సంత నేకపోతే వొంతు మారదు గదా! అందుకే రోడ్డు మీద మట్టి తియ్యడానికెల్లిపోనాను. ఇల్లిల్లూ తిరిగొస్తన్నాను నీకోసం."

"సుక్కురోరం సుక్కురోరమే. సంతొస్తే ఒకలాగా, రాకపోతే ఒకలాగా ఉంటాదేటి?"

"ఓలమ్మా," అంది అచ్చియమ్మ, "ముందు గుంటని ఎచ్చబెట్టండి. మొగుడూ పెళ్ళాల్లాగ తగువేటి?"

ఇద్దరూ ఠక్కున నోళ్ళు మూశారు. సోంబరు పొగ చూరుతున్న పొయ్యి వైపు చూశాడు. భుజాన ఉన్న కావిడిబద్ద దించి, కత్తితో నిలువునా చీల్చేశాడు. పైన తడిసినా లోపలంతా ఎండు వెదురు. చిటపటలాడుతూ అంటుకుంది.

"నీ బతుకుతెరువు గదా అది!" అంది గంగ.

"కొండమీద ఎదురుకేటి కరువు?" పిల్లని తీసుకుని మంటకి అరికాళ్ళు చూపించాడు. కాసేపటికి ఆ కాళ్ళు ఎర్రబడ్డాయి. పిల్ల కేరుమని ఏడ్చింది. ఆ ఏడుపు వింటూంటే గంగకి ప్రాణం లేచివచ్చింది.

"నువ్వు పడుకో," అన్నాడు. "ముక్కు కాడ ఏలు నాను పెడతాను."

"నీకెవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పాలి? వారవారవూ నీ కళ్ళు సూస్తన్నాను గదా."

గంగ ఏదో అనబోయింది. అనేలోపే నిద్ర ముంచుకొచ్చింది.

లేచేసరికి తెల్లగా వెలుగొచ్చేసింది. ఉలిక్కిపడి చూస్తే, సోంబరు గుంజకి ఆనుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుండె మీద పిల్ల, పిల్ల ముక్కు దగ్గర అతని వేలు. గంగ చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది.

సంగతి తెలిసి ఊరంతా పాక దగ్గరికి వచ్చేసింది. చిన్నమ్మి కొండమీద నుంచి పరుగెత్తుకొచ్చింది.

"సంత నేందే నా వొంతెలాగొస్తాది? ఇంకా సోములప్పదే!"

"నా వారం నాను గడిపీసినాను. సుక్కురోరం పొద్దు పొడిసిందా నేదా?" అంది సోములమ్మ.

"సంత పొడవనేదు గదా!"

"సంత పొడుస్తాదేటే, నీ మొహం!"

మంగ్లు చెయ్యెత్తాడు. "సంత నేని వారం నెక్కలోకి రాదు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లోనే ఉండాల. ఇది ఊరి మాట."

"బావూ," అంది గంగ. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, అందరూ ఆగిపోయారు. "మీరంతా మంచోళ్ళు. నాను అలిసిపోనాను. ఎవులి తప్పూ నేదు. తిరగలేకపోతన్నాను. ఒక పొయ్యికి సరిపడా సోటియ్యండి. సాలు."

సోములమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మా కళ్ళం పక్కన సోటుంది," అంది.

"గడ్డి మాది," అంది చిన్నమ్మి వెంటనే. ఆ పైన వంతులు అడగకుండానే వచ్చాయి. గుంజలొకరు, మట్టి తొక్కడానికొకరు, నీళ్ళకొకరు. సోంబరు వెదురు నరికి తెచ్చి పోశాడు గాని, ఇల్లు నిలబడ్డాక గుమ్మం దాటి లోపలికి రాలేదు. కుండా చాపా గడప దగ్గర దించి వెళ్ళిపోయాడు.

తరవాతి శుక్రవారం గంగ పొద్దున్నుంచీ దారి వైపు చూస్తూనే ఉంది. ఎందుకు చూస్తోందో తెలిశాక తన మీద తనకే నవ్వొచ్చింది. మోసే సామాను లేదు. వాడెందుకొస్తాడు? ఇల్లు వచ్చింది, శుక్రవారం పోయింది. ఆ పై శుక్రవారం కూడా రాలేదు. గంగ పిల్లని చంకనేసుకుని సంతకి దిగింది.

కొత్త కావిడి పక్కన కూర్చుని ఉన్నాడు.

"కావిడి కాళీయేనా? సామాను మొయ్యాల," అంది.

సోంబరు మొహం పాలిపోయింది. "ఇల్లు వొగ్గేస్తన్నావా? ఎవులేటన్నారు?"

"నా సామాను గాదు. నీది. ఆ అరుగు మీద ఏటున్నాయో బేగి మూటగట్టుకుని రా. ఊరంతా వొంతు గడిపింది. నా ఇంటికింకా రానేదు. ఇప్పుడు నా వొంతు."

ఎండుచేపల బేరం ఆగిపోయింది. మంగ్లు తలపాగా సర్దుకుని, నవ్వు దాచుకోడానికి అటు తిరిగాడు.

సోంబరు లేచి నిలబడ్డాడు. "ఎన్ని సంతల దాకా?"

"సంత నేని వారం నెక్కలోకి రాదని పెద్దోళ్ళే అన్నారు గదా. మన ఇంటికి అన్నీ సంత నేని వారాలే అనుకో."

పిల్లని అందుకుని బుట్టలో వేశాడు. రెండో వైపు అతని దుప్పటీ, కత్తీ, సత్తు గిన్నె. కావిడి ఎత్తాడు. రాయి లేకుండానే సరితూగింది. ఆ సాయంత్రం పొయ్యి ముందు పిల్లకి పేరు పెట్టారు. సుక్రి. అరువు తీరిపోయింది.

గంగ ఇప్పుడు నిద్రపోతుంది. అయినా వాన కురిసినప్పుడు మెలకువ వచ్చేస్తుంది. అచ్చియమ్మ గుర్తొస్తుంది. మోకాళ్ళు పడిపోయాక ముసలిది చివరికి వంతులకి ఒప్పుకుంది. మొదటి వారం గంగ ఇంట్లోనే ఉంది. ఉండిపొమ్మంటే వినలేదు, ఊరి మాట ఊరి మాటే అని పక్కింటికి కదిలిపోయింది. కానీ వాన పట్టి సంత ఆగితే, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పాకలోకి పోయి కూర్చునే అలవాటు మానలేదు.

అందుకే, అనంతగిరి రోడ్డున బస్సులో పోయేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, వానలో సంత జరగని శుక్రవారం నాడు గెడ్డవలస దగ్గర ఒక్కసారి దిగి, పాకలోకి తొంగి చూడండి. అచ్చియమ్మ ఒంటరిగా కూర్చుని ఉంటే, ఈ వారం వంతెవరిదవ్వా అని అడగండి. నాకేం లోటు లేదు పొమ్మంటుంది. ఆ మాట నమ్మకండి. అరికాళ్ళు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే, కళ్ళం పక్కన కొత్త గడ్డి కప్పిన ఇల్లుంది, గంగా అని ఒక్క కేక వెయ్యండి.