మూడు రోజుల పాస్

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఓరాజ్ అనేవాడు షావత్ ఊరి సరిహద్దు గేటు దాటి, తుర్క్‌మెనిస్తాన్ నుంచి ఉజ్బెకిస్తాన్‌లో అడుగుపెట్టాడు. నాలుగుంపావుకి ఉర్గెంచ్‌లో ఏజెంట్ మత్‌నియాజ్ ముందు అతని ఫైలు పడింది.

“వీడు తుర్క్‌మెన్ కాదు,” అన్నాడు కల్నల్ ఎష్చానోవ్. “విదేశీ ముఠా నాయకుడు. అవతలి దషోగుజ్ వాడినని సరిహద్దు జనాలకిచ్చే మూడు రోజుల పాస్ సంపాదించాడు. మన గ్యాస్ పంపింగ్ కేంద్రం నక్షా చిప్‌లో పట్టుకుపోతాడు. అది గేటు దాటిందా, వారంలో కేంద్రం పేలిపోతుంది.”

“ఇప్పుడే పట్టుకుంటే?”

“పాస్ అసలుది. అది చెల్లినంతసేపు వాడి ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి లేదు, అవతలివాళ్ళు గోల చేస్తారు. చెల్లకపోతే మన ఇష్టం.” కల్నల్ కళ్ళజోడు తీశాడు. “ప్రాణాలతో కావాలి మత్‌నియాజ్. నీ కడుపుమంట నాకు తెలుసు.”

తెలియకేం, షావత్‌లో ఆ సంగతి తెలియనివాడు లేడు. మత్‌నియాజ్ అక్క షరోఫత్‌ని దషోగుజ్‌లో ఇచ్చారు. మంచాన పడ్డ తల్లిని చూడటానికి నెలకోసారి మూడు రోజుల పాస్ మీద వచ్చేది. వెళ్ళేటప్పుడు ఒక పొట్లం పట్టుకెళ్ళమన్నారు ఓరాజ్ మనుషులు. చస్తే పట్టుకెళ్ళనంది. ఆమె పాస్ కాజేశారు. పాస్ లేనిదే గేటు దాటనివ్వరు, గడువు దాటితే ఊరుకోరు. తొమ్మిది రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాక ఆమెను అవతలికి పంపేసి, అయిదేళ్ళు రాకూడదని ముద్ర కొట్టారు. ఏడు నెలలకి తల్లి పోయింది. పాడె వెళుతుంటే షరోఫత్ సరిహద్దు కాలవ అవతల ముళ్ళకంచె పట్టుకుని ఏడ్చింది. ఇవతల పాడె మోస్తున్న మత్‌నియాజ్‌కి ఆ ఏడుపు వినిపించింది.

శనివారానికి మత్‌నియాజ్ గడ్డం అంటించుకుని, గేటు ఎదుటి టీ కొట్టు దగ్గర పుచ్చకాయల బండి పెట్టాడు. ఓరాజ్ కొన్న పుచ్చకాయల బుట్ట అడుగున గుండీ అంత మైకు. అందులో ఓరాజ్ గొంతు వినిపించింది: “రేపు కాదు, సోమవారం నాలుగింటికి బయలుదేరతాను మాయసా.” అతని వెంట ఉన్న మాయసా ఏమీ అనలేదు.

మత్‌నియాజ్ తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. మా సరిహద్దు పిల్లలకి ఇది ఉగ్గుపాలతో వచ్చే లెక్క. గేటు మూసే ముందు నిమిషంలో వచ్చినా సరే, వచ్చిన రోజే మొదటి రోజు. శుక్రవారం వస్తే ఆదివారం సాయంత్రం గేటు మూసే ఆరింటికల్లా వెళ్ళిపోవాలి. వీడు మా భాష నేర్చాడు, గొర్రెతోలు టోపీ పెట్టడం నేర్చాడు, టీ జుర్రడం కూడా నేర్చాడు. రోజుల దగ్గరికి వచ్చేసరికి డెబ్భై రెండు గంటలు లెక్కగట్టాడు, వెధవ!

మరి మాయసా ఎందుకు నోరు విప్పలేదు? ఆమె దషోగుజ్ అందగత్తె, చేతిలో ఏడాది వీసా. మన జీతమూ తింటుంది, వాళ్ళ జీతమూ తింటుంది. ఏ రోజు ఎవరి మనిషో కల్నల్‌కే తెలియదు.

ఆదివారం అయిదున్నర. టీ కొట్టులో మాయసా లిప్‌స్టిక్ గొట్టాన్ని ఓరాజ్ ముందుకు జరిపింది. అతను అందులోంచి చిప్ తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. బయట జనం మూటలతో గేటు వైపు పరుగెత్తుతున్నారు.

మత్‌నియాజ్ పుచ్చకాయ ముక్కలు తెచ్చి కోడ్ పలికాడు. “గుర్లెన్ ఊరి కాయలు. తియ్యగా ఉంటాయి.”

“ఇంకా పండినట్టు లేవే,” అని మాయసా కోడ్ ప్రకారమే జవాబిచ్చింది. ఆ వెంటనే గడియారం చూసి ఓరాజ్ వైపు తిరిగింది. “మీకో మాట చెప్పాలి.”

ఆరుకి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. లేచి నడిస్తే గేటు రెండు నిమిషాల దూరం. ఆమె అసలు లెక్క చెప్పేస్తే వాడు దాటిపోతాడు.

“మీది దషోగుజేనా చెల్లీ?” అన్నాడు మత్‌నియాజ్ గబగబా. “మా అక్క అక్కడే ఉంటుంది. ఎవరో పాస్ కొట్టేస్తే గడువు దాటిపోయింది. అమ్మ పోతే కంచె అవతలి నుంచి చూసింది.”

ఓరాజ్ పుచ్చగింజ ఉమ్మేసి నవ్వాడు. “మూడు రోజుల్లో తిరిగెళ్ళాలని తెలియదా మీ అక్కకి? బుద్ధి తక్కువ మనిషి. ఇక్కడి జనమంతా ఇంతే, పశువుల్లా పరుగెత్తుతారు.”

కత్తి చేతిలోనే ఉంది. వాడి మెడ మూరెడు దూరంలో ఉంది. మత్‌నియాజ్ పళ్ళు నూరుకుని కాయ కోశాడు.

మాయసా మొహం మాడింది. ఆ పరుగెత్తేవాళ్ళలో ఆమె మేనత్తలున్నారు, పిన్నులున్నారు.

“ఏదో చెప్పాలన్నావ్?” అన్నాడు ఓరాజ్.

“ఏం లేదు. ఇంకో కప్పు టీ తాగండి,” అని ఆమె పోసింది.

ఆరింటికి సైరన్ మోగింది, గేటు పడింది. మత్‌నియాజ్ గడ్డం పీకి బల్లమీద పెట్టాడు. “నీ పాస్‌కి కాలం చెల్లింది, ఓరాజ్.”

“రేపు నాలుగింటి దాకా ఉంది!”

“శుక్రవారం, శనివారం, ఆదివారం. వేళ్ళు మడిచి చూసుకో. మా అక్కకి ఎవడూ గంటలు లెక్కకట్టలేదు.”

ఓరాజ్ చిప్ నోట్లో వేసుకున్నాడు. అది గొంతు దిగేలోపు మత్‌నియాజ్ చెయ్యి ఆ గొంతు పట్టేసింది. ఉక్కిరిబిక్కిరై చిప్ కక్కేశాడు. అయినా ఆ చెయ్యి కాసేపు వదల్లేదు. వదలాల్సింది, నిజమే. టీ కొట్టులో చూస్తున్న మేమెవరమూ వదలమని చెప్పలేదు.

ఓరాజ్ విచారణలో అన్నీ ఒప్పుకున్నాడు, కాజేసిన పాసులతో సహా. షరోఫత్ మీది నిషేధం ఎత్తేశారు. ఆమె వచ్చి తల్లి సమాధి మట్టి మీద చెంప ఆనించి, పొద్దు వాలేదాకా లేవలేదు. మూడో రోజు గేటు దగ్గర మూట సర్దుకుంటూ, “వాడినేం చేశారు తమ్ముడూ?” అని అడిగింది.

“ఇక్కడే ఉంచుకున్నాం అక్కా,” అన్నాడు మత్‌నియాజ్. “మనవాళ్ళెవరికీ ఇంతవరకు దక్కలేదు గానీ, వాడికి పద్దెనిమిదేళ్ళ వీసా ఇచ్చారు.”