జంగమ్మ తిట్లు, మాధవీలత ఉత్తరం

క్యాబ్ నడిపే వీరేందర్ బండి తీసుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లాడో లేదో, అతని భార్య మాధవీలత వంటింటి గట్టు మీద ఫోన్‌ను ఉప్పుడబ్బాకు ఆనించి నిలబెట్టింది. తుక్కుగూడలో కొత్తగా తెరిచిన కాల్ సెంటర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు కావాలట. ఆ ఉద్యోగానికి తాను ఎందుకు పనికొస్తుందో అరపేజీ ఉత్తరం రాసి మధ్యాహ్నం పన్నెండింటిలోపు పంపాలి. పెళ్లయిన పద్నాలుగేళ్లలో తన కోసం ఆమె కోరుకున్న మొదటి సంగతి ఇదే. చేతుల నిండా జొన్నపిండి. అందుకే, మనం చెప్తే ఫోనే రాసుకునే మైకు గుర్తును మోచేత్తో నొక్కింది.

"అయ్యా, నా పేరు మాధవీలత. మాది తొండుపల్లి. డిగ్రీ చదివిన. నాకు అనుభవం..."

అక్కడ ఆగిపోయింది. మూడు రోజులుగా అక్కడే ఆగిపోతోంది. ఏ ఆఫీసు మెట్టూ ఎక్కని మనిషి అనుభవం అని ఏం రాస్తుంది? రొట్టెలు చేసినందుకు ఉద్యోగమిచ్చే పుణ్యాత్ములు ఇంకా పుట్టలేదు.

ఇంతలో అత్త జంగమ్మ గడపలోకి వచ్చింది. నిన్న కొడుకు ఈ సంగతి చెప్పినప్పటి నుంచి ఆమె ముఖం మాడిన రొట్టెలా ఉంది.

"నిజంగనే పోతవా నౌకరికి?"

"ఇస్తే పోత అత్తమ్మా."

"ఫోన్ల మాట్లాడేదానికి తుక్కుగూడ దాంక పోవాల్నా? ఇంట్ల చేసేదేంది మరి? గ్యాసోడు రాకుంటే ఎవరు మాట్లాడుతరు? నువ్వే. పక్కింటి రుక్కమ్మ పింఛను ఆగితే మూడు నెలలు ఆఫీసోళ్ల ఎంట పడ్డదెవరు? నువ్వే. కరెంటు పోతే నీతోని ఫోన్ చేయించనీకి వాడంత మనింటి ముంగటనే. అవతలోడు కసిరినా, 'జర చూడున్రి సార్' అంటవు. కోపం గూడ రాదు నీకు. మనిషివేనా?"

కోపం రాదన్న మాట అబద్ధమని ఆ పూటే తేలిపోయింది.

"అందరి కోసం మాట్లాడిన అత్తమ్మా. ఒక్కసారి నా కోసం మాట్లాడుకుంట అంటే తప్పయిందా? నిన్నటి సంది నాతోని మాట్లాడుతలేవు."

"నువ్వు పోతే నా షుగరు దవాఖానకు ఎవరు ఫోన్ చేస్తరే?" అంది జంగమ్మ. "ఆ ఫోను ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటది. తప్పు నొక్కితే ఏమైతదో అని నాకు భయం."

మాధవీలత కోపం చప్పున చల్లారింది. పంతం అనుకున్నది భయమా? చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. మైకు ఆపనే లేదు. 'నాకు అనుభవం' అన్న మాట కింద అత్త తిట్లన్నీ వరసగా అచ్చయి ఉన్నాయి. నవ్వాపుకోలేక మొత్తం పైకి చదివింది.

జంగమ్మ నోరు తెరుచుకుని విన్నది. "గివన్నీ నేనే అన్ననా?"

"నువ్వే."

"అబద్ధమైతే లేదు గద. గదే రాయి మరి." పీట లాక్కుని కూర్చుంది. "రుక్కమ్మ ముచ్చట ముందుగాల పెట్టు. కోపం రాదని గూడ రాయి."

"ఇప్పుడే వచ్చె గదా అత్తమ్మా."

"అది ఇంట్ల. ఆఫీసుల రాదు, రాయి."

పదకొండుంబావుకు ఉత్తరం వెళ్లిపోయింది. పెనం మీద రొట్టె బొగ్గయింది. ఎవరూ పట్టించుకోలేదు.

మూడో రోజు పిలుపొచ్చింది, సోమవారం ఇంటర్వ్యూకు రమ్మని. ఫోన్లో మాట్లాడించి చూస్తారట. మాధవీలతకు ఒకటే గుబులు. ఆదివారం పొద్దున బియ్యం ఏరుతుంటే ఫోన్ మోగింది. చూస్తే ఇంట్లో పడున్న వీరేందర్ పాత ఫోన్ నంబరు. వాకిట్లో అత్త ఆ ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. రేపటి ఇంటర్వ్యూకు తయారు చేస్తోందని అర్థమై, మాధవీలత గొంతు సవరించుకుంది.

"నమస్తే, కాల్ సెంటర్. మీకేం సాయం చేయగలను?"

"నేను తొండుపల్లి జంగమ్మను. నిన్న దవాఖానకు నేనే ఫోన్ చేసిన. రెండు నొక్కమంటే నొక్కిన. ఏం గాలె. బేస్తవారం రమ్మన్నరు."

మాధవీలత బియ్యం పక్కన పెట్టి వాకిటి వైపు తిరిగింది.

"లైన్ల ఉన్నవా అమ్మా? ఇంకోటి రాసుకో. రేపు మా కోడలు మీ తాన్కి వస్తది. మంచి పిల్ల. ఇగ ఇంటి పరేషాన్ పెట్టుకోవద్దని చెప్పు."

"సరే మేడం, చెప్త" అంది మాధవీలత, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.