విప్పి తీసుకెళ్ళే షెడ్డు

"కాంక్రీటు వద్దంటే వినరేం?" అంది మొక్కలమ్మాయి.

మేస్త్రీ టేపు చుట్టేసి ఆమె వంక చూశాడు. నారుమొక్కలు పెంచి అమ్ముకునే ఈ అమ్మాయి, విత్తనాలూ పారలూ దాచుకోవడానికి పెరట్లో షెడ్డు కావాలని ఫోను చేసింది. అతనొచ్చి పది నిమిషాలు కాలేదు, నాలుగుసార్లు వద్దంది.

"స్లాబు వేస్తే మీ మనవలక్కూడా పనికొస్తుందండీ."

"మనవలదాకా ఎందుకు? ఇది అద్దె ఇల్లు. నాకు ఊహ తెలిశాక తొమ్మిదోది. మారిన ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేసే వచ్చాం. షెడ్డు మాత్రం నాతో రావాలి."

"షెడ్డేమన్నా చంటిపిల్లా, చంకనేసుకుపోవడానికి?"

"అలా కట్టగలరా, ఇంకో మేస్త్రీని చూసుకోనా?"

అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే నేల చదునుచేసి, కంకర పరిచి, ఆరు సిమెంటు దిమ్మెలు దించాడు. వాటి ఎత్తు సరిచూడాలంటే నీళ్ళు నింపిన గొట్టాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకోవాలి. కూలీ రాలేదన్నాడు. నిజానికి రావద్దని చెప్పింది అతనే. రెండో కొస మొక్కలమ్మాయే పట్టుకోవలసొచ్చింది.

"నీళ్ళు కుదురుగా నిలవడం లేదు," అన్నాడు.

"ముందు మీరు కుదురుగా నిలబడండి. చూడాల్సింది నీళ్ళని, నన్ను కాదు."

నేల దగ్గర మళ్ళీ పేచీ. అతను టైల్సన్నాడు. తడికాళ్ళతో జారి పడితే మీరొచ్చి లేపుతారా అంది. లేపుతానన్న మాట నాలుకదాకా వచ్చింది, మింగేశాడు. పోనీ సిమెంటు నేలంటే, వానాకాలం చెమర్చి విత్తనాలు బూజుపడతాయంది. చివరికి దిమ్మెల మీద దూలాలు, దూలాల మీద చెక్కలు, కింద గాలి ఆడేలా. అదీ మేకులతో కాదు, విప్పుకోవడానికి వీలుగా స్క్రూలతో. గోడలూ కప్పూ కూడా అలాగే.

మూడు రోజుల పని తొమ్మిదో రోజుకొచ్చింది. రోజూ పొద్దున్నే రావడం, నిన్న చూసిన ఎత్తులే మళ్ళీ చూడడం.

"బాబూ, ఆ దిమ్మెలు మేం పడుకున్నాక నడుస్తాయా ఏంటి, రోజూ కొలుస్తావు?" అంది ఆమె తల్లి వంటింటి గుమ్మంలోంచి.

పదో రోజు అతను ఆఖరి చెక్క బిగిస్తుంటే మొక్కలమ్మాయి ఫోను చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఓనరు ఇల్లు అమ్మేశాడట. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. విప్పేయండి."

అతను రెండు స్క్రూలు తీశాడు. మళ్ళీ లేచాడు. షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు.

"ఎక్కడికెళ్తారు?"

"పిన్నివాళ్ళ మేడ మీద రెండు గదులున్నాయి. పెరడు లేదు." ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "మోసుకుపోయేలా కట్టించానే గానీ, దించుకునే చోటు చూసుకోలేదు. మొక్కల పని ఇక ఇంతే."

"మా పెరట్లో ఆరు దిమ్మెలు పెట్టాను," అన్నాడు అతను గబగబా. "ఈ కొలతే."

"ఎప్పుడు?"

"పోయిన ఆదివారం."

"ఇల్లు అమ్మిన సంగతి ఇవాళేగా తెలిసింది?"

"దాంతో పని లేదు. ఎప్పటికైనా షెడ్డుతోపాటు మీరూ వస్తారేమోనని."

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

"అడక్కుండానే పునాది వేసేశారన్నమాట."

"మీకిష్టం లేకపోతే ఒక్క పూటలో తీసేస్తాను. కాంక్రీటు కాదుగా."

"మీ ఇంట్లో చెప్పారా?"

"చెప్పాను. పొద్దుటెండ పడే వైపు పెట్టమని అమ్మే చూపించింది."

వాన జోరందుకుంది. ఆమె చూరు కిందకి వెళ్ళి గొడుగు తెచ్చి విప్పింది.

"మీ పెరట్లో నీళ్ళు నిలుస్తాయా?"

"నిలవవండీ."

"మీ మాట మీద కాదు. వాన పడుతుండగానే చూడాలి. పదండి."

ఆ మాటకి అతను స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాడో, చెప్పులు ఎక్కడ విడిచాడో మరిచిపోయి వెతుక్కుంటుంటే, తల్లి కొంగు తలమీదికి లాక్కుంటూ మెట్లు దిగింది.

"ఉండవే, నేనూ వస్తాను. పెరడు నువ్వు చూసుకో, వాళ్ళమ్మని నేను చూస్తాను."