లక్షా మూడు

"నా సున్నా ఏదండీ?"

తడిసిన గొడుగు మడవకుండానే ప్రెస్సులోకి దూసుకొచ్చిన లెక్కల టీచర్ అడిగిన మొదటి మాట అది. కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ తడబడి లేచాడు. మూడు నెలలుగా ఆమె పుస్తకం టైప్ చేస్తున్నా, ఫోన్లో గొంతు వినడమే తప్ప మనిషిని చూడటం ఇదే మొదలు.

"ఏ సున్నా అండీ?"

"నలభయ్యో పేజీ చూడండి. ఏడంకెల ప్రధాన సంఖ్యల్లో చిన్నది పది లక్షల మూడు అని రాసిచ్చాను. మీరు ఓ సున్నా మింగి లక్షా మూడు చేశారు! రేపు పొద్దున్నే ఆవిష్కరణ. పిల్లలు అంకెలు లెక్కపెడితే ఆరే ఉంటాయి. నా పరువేం కాను?"

అయిదు వందల కాపీలూ బైండయిపోయాయి. ప్రెస్సు యజమానురాలు, అంటే అతని పిన్ని, కాగితాల కట్ట వెనక నుంచి కొరకొరా చూసింది.

అతను గబగబా కీబోర్డు మీద ఏదో కొట్టాడు. అరనిమిషంలో మొహం వెలిగింది. లక్షా మూడుని కూడా ఒకటీ, అదీ తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించలేదు. ఆరంకెల ప్రధాన సంఖ్యల్లో అదే చిన్నది! 'ఏడంకెల' అన్న మాట మీద 'ఆరంకెల' అని చీటీ అతికిస్తే చాలు.

ఆ మాట వెంటనే చెప్పాల్సింది. కానీ సరిగ్గా అప్పుడే ఆమె తడి ముంగురులు చెవి వెనక్కి తోసుకుంది. అతని వేలు దానంతటదే స్క్రీన్ ఆపేసింది.

"కంప్యూటర్ మొరాయిస్తోందండీ. లక్షా మూడు కూడా ప్రధాన సంఖ్యేమో, చేత్తో భాగించి చూద్దామా?"

ఆమె స్క్రీన్ వైపోసారి, అతని వైపోసారి చూసి కుర్చీ లాక్కుంది.

"లక్షా మూడుకి వర్గమూలం మూడొందల పదహారు చిల్లర, అది దాటక్కర్లేదు. అంతలోపు ప్రధాన సంఖ్యలు అరవై అయిదు. అన్నిటితోనూ భాగించాలి. కానివ్వండి."

ఏడుతో ఒకటి మిగిలింది. పదకొండుతో రెండు.

"పదిహేడుతో?"

"ఎనిమిది."

"తొమ్మిది! చూడాల్సింది కాగితాన్ని, నన్ను కాదు."

వాన వెలిసింది. టీ చల్లారింది. ఇద్దరూ కదల్లేదు. చివరిదైన మూడొందల పదమూడుతో కూడా నూట యాభై ఆరు మిగిలింది.

"అయిపోయింది," అన్నాడు దిగులుగా.

"గండం గట్టెక్కితే ఆ మొహమేంటి?"

అతను తల దించుకున్నాడు. "నాకు ముందే తెలుసండీ. చెబితే వెళ్ళిపోతారని దాచాను. మీరు వెళ్ళిపోవడం నాకిష్టం లేదు."

ఆమె పెన్ను మూత పెట్టింది. "లక్షా మూడు సంగతి నాకు కాలేజీ రోజుల నుంచే తెలుసు."

"మరి అరవై అయిదు భాగహారాలూ ఎందుకు చేశారు?"

"ఎన్నోదాని దగ్గర నిజం కక్కుతారో చూద్దామని. మొండిఘటం, చివరిదాకా లాగారు!"

"తెలిసి గొడవకొచ్చారా?"

"ఫోన్లో నా కామాల మీద కూడా జోకులేసే మనిషి ఎలా ఉంటాడో చూడాలనిపించింది. పదండి, అయిదు వందల చీటీలు అతికించాలి."

"అమ్మాయ్," అంది పిన్ని కట్ట వెనక నుంచి, "రేపు మీ అమ్మగారొస్తారా? ఆవిడ పక్క కుర్చీ నాకుంచు. మాట్లాడే పనుంది."

ఆపరేటర్ చేతిలోంచి గమ్ము సీసా జారింది. టీచర్ మాత్రం తలెత్తకుండా చీటీ నొక్కుతూ అంది: "ఉంచుతానండీ. మా అమ్మ వస్తున్నదే మీతో మాట్లాడటానికి."